నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ప్యాచ్ ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న: లినక్స్ కెర్నెల్‌లో మెషీన్ మొత్తానికీ ఒకటే ఉన్న ఒక క్యూ లిమిట్‌ని ఏ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కి (ఒకే మెషీన్‌లో కంటైనర్ల లాంటివాటికి విడిగా కనిపించే నెట్‌వర్క్) ఆ నేమ్‌స్పేస్‌కే విడిగా ఉండేలా మార్చి ప్యాచ్ పంపాను. నా లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోంది. రివ్యూయర్ మాత్రం "పర్మిషన్ చెక్ ఎందుకు మార్చారు? నేమ్‌స్పేస్ పోయేటప్పుడు ఏమవుతుంది?" అని అడిగి ఊరుకున్నారు. ప్యాచ్‌ల స్టేటస్ చూపించే ప్యాచ్‌వర్క్ సైట్‌లో "ఛేంజెస్ రిక్వెస్టెడ్" అని ఉంది. రెండు వారాలైంది, మెయింటెయినర్‌కి గుర్తు చేయమంటారా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దండీ. ఆ స్టేటస్ పడిందంటే ఇక పని మీదే, వాళ్ల వైపు నుంచి ఇంకేమీ రాదు. గుర్తు చేస్తే ప్యాచ్ ఇంకా వెనక్కి పోతుందని నెట్‌వర్కింగ్ విభాగం డాక్యుమెంటేషన్‌లోనే రాసిపెట్టారు. పైగా ఆ రెండు ప్రశ్నలూ సరైనవే, నేనైనా అవే అడుగుతాను.

మొదటిది పర్మిషన్. 2013లో వచ్చిన 3.8 కెర్నెల్ నుంచి మామూలు యూజర్ కూడా యూజర్ నేమ్‌స్పేస్ తెరిచి, దాని లోపల నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ పెట్టుకుని, అక్కడి వరకు రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అయిపోవచ్చు (కొన్ని డిస్ట్రోలు దీన్ని కట్టడి చేస్తాయి, అది వేరే సంగతి). మీరు మెషీన్ మొత్తం మీద అధికారం ఉందా అని చూసే "కేపబుల్" చెక్ తీసేసి, ఆ నేమ్‌స్పేస్ వరకు ఉంటే చాలనే "ఎన్ఎస్_కేపబుల్" పెట్టగానే ఆ మామూలు యూజర్ చేతికి కూడా మీ సెట్టింగ్ వెళ్లిపోయింది. నేమ్‌స్పేస్‌లు వేరైనా ర్యామ్ ఒక్కటేగా! అతను క్యూ లిమిట్‌ని ఎంతకైనా పెంచితే తినేది హోస్ట్ మెమరీనే. కాబట్టి పైన ఒక హద్దు పెట్టండి, లేదంటే పాత చెక్కే ఉంచి ఎందుకు ఉంచారో కమిట్ మెసేజ్‌లో రాయండి.

రెండోది ఇంకా ముఖ్యం. నేమ్‌స్పేస్ పుట్టేటప్పుడు నడిచే కోడ్ అందరూ సరిగ్గానే రాస్తారు, ప్యాచ్‌లు ఆగిపోయేది పోయేటప్పుడు నడిచే కోడ్ దగ్గర. "క్లీనప్_నెట్" అనే కెర్నెల్ ఫంక్షన్ వెనకాల వర్క్‌క్యూలో, ఒకేసారి బోలెడన్ని నేమ్‌స్పేస్‌లను కలిపి తుడిచేస్తుంది. అప్పటికి మీ టైమర్ ఒకటి ఇంకా బతికి ఉంటే, ఫ్రీ అయిపోయిన మెమరీని ముట్టుకుంటుంది. అలా కాక మీరు తీసుకున్న రిఫరెన్స్ (దీన్ని ఇంకా వాడుతున్నాం, తీసేయకండి అని పెట్టే లెక్క) ఒకటి వదలకపోతే, "లో" (lo, లూప్‌బ్యాక్) డివైస్ ఫ్రీ అయ్యేదాకా వెయిట్ చేస్తున్నానంటూ లాగ్‌లో అదే లైన్ మళ్లీ మళ్లీ పడుతుంది, కంటైనర్లు నడిపేవాళ్లకి ఏళ్ల తరబడి టెన్షన్ పెట్టిన మెసేజ్ అది. 2022లో వచ్చిన 5.17 కెర్నెల్‌లో దీనికోసమే రిఫరెన్స్ ట్రాకర్ పెట్టారు, కన్‌ఫిగ్‌లో ఆన్ చేస్తే వదలని రిఫరెన్స్ ఎక్కడ తీసుకున్నదో చూపిస్తుంది. దాంతోపాటు మెమరీని తప్పుగా ముట్టుకుంటే పట్టిచ్చే కేఏశాన్ (KASAN) కూడా ఆన్ చేసి, వీఈత్ (veth, రెండు నేమ్‌స్పేస్‌లను కలిపే వర్చువల్ కేబుల్ లాంటిది) జత మీద ట్రాఫిక్ పోతుండగానే నేమ్‌స్పేస్‌ని డిలీట్ చేసే లూప్ ఒకటి రాత్రంతా నడపండి.

వాళ్లు అడగలేదు కానీ అడిగి తీరే ప్రశ్న ఇంకొకటుంది: కొత్త నేమ్‌స్పేస్‌కి హోస్ట్‌లో ఇప్పుడున్న విలువ వస్తుందా, కెర్నెల్ డిఫాల్ట్ వస్తుందా? డివైస్ సెట్టింగ్‌ల విషయంలో ఐపీవీ4 హోస్ట్ నుంచి తీసుకుంటుంది, ఐపీవీ6 డిఫాల్ట్‌తో మొదలవుతుంది. పాత ప్రవర్తన మారకూడదని అలాగే వదిలేశారు. మీరు ఏది ఎంచుకున్నా ముందే రాసేయండి, తర్వాత మార్చనివ్వరు.

ఇది కొత్త ఫీచర్ కాబట్టి మెయిల్ సబ్జెక్ట్‌లో "నెట్-నెక్స్ట్" (కొత్త నెట్‌వర్కింగ్ ఫీచర్లు చేరే ట్రీ) అని ఉండాలి, మెర్జ్ విండో (తర్వాతి కెర్నెల్ కోసం మార్పులను మెయిన్ ట్రీలో కలిపే సమయం) నడిచే ఆ రెండు వారాలూ ఆ ట్రీ మూసి ఉంటుంది, అప్పుడు పంపకండి. డిలీట్ లూప్‌ని చిన్నదిగా చేసి సెల్ఫ్‌టెస్ట్‌గా (కెర్నెల్ కోడ్‌తోపాటే ఉండే టెస్ట్) అదే సిరీస్‌లో చివరి ప్యాచ్‌గా పెట్టి, పాత వెర్షన్ లింక్ ఇచ్చి వీ2 (రెండో వెర్షన్) పంపించండి.