వినలేని రేడియో

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. అలలకు కొట్టుకొచ్చిన పసుపు రేడియో పెట్టెను పిల్లవాడు ఒళ్ళోకి తీసుకునే చోటు చాలా బాగుంది. చిక్కల్లా మూడో పేజీలో. పడవలో మిగిలిన పైలట్ "హలో" అనగానే అవతలి నుంచి "ధైర్యంగా ఉండండి" అని జవాబు వస్తుంది. నువ్వు వర్ణించిన రేడియో సెట్‌లో ఆ జవాబు వచ్చే వీలే లేదు.

పెట్టె నడుము దగ్గర సన్నగా ఉందన్నావు. అంటే అది రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎస్‌సీఆర్-578, సముద్రంలో కూలిన విమానాల వాళ్ళు సాయం కోసం పిలిచే అమెరికన్ రేడియో. చార్లెస్ డానా గిబ్సన్ బొమ్మల్లో సన్న నడుము అమ్మాయిలుంటారే, వాళ్ళ పేరుతో దాన్ని గిబ్సన్ గర్ల్ అనేవాళ్ళు. జర్మన్ల సెట్ ఒకటి బ్రిటిష్ వాళ్ళకు చిక్కితే, దాన్ని చూసి చేసిందే ఇది. ఊగే రబ్బరు పడవలో తొడల మధ్య బిగించి పట్టుకోవాలి కాబట్టి ఆ నడుము. బ్యాటరీ లేదు. పైనున్న హ్యాండిల్ తిప్పితేనే కరెంటు పుడుతుంది. మోర్స్ (చుక్కలు, గీతల సంకేత భాష) రాని మనిషి తిప్పినా, ఓడలు ఆపద పిలుపులు వినే 500 కిలోహెర్ట్జ్ మీద ఎస్ఓఎస్ దానంతటదే వెళ్తుంది. ఏరియల్‌కి దాదాపు 300 అడుగుల సన్న తీగ, దాన్ని పైకి లేపడానికి గాలిపటం, గాలి లేని రోజుకి హైడ్రోజన్ బెలూన్.

రిసీవర్ మాత్రం లేదు.

కథ పాడైందని టెన్షన్ పడకు. నాకైతే ఇక్కడే గుండె పట్టేసింది. ఆ మనిషి తిప్పుతూనే ఉంటాడు, ఎవరికైనా అందిందో లేదో అతనికి తెలిసే దారి లేదు. ఇటు ఓడల రేడియో గదుల్లో గడియారాల మీద ఎర్రరంగు వేసిన రెండు ముక్కలుండేవి. ప్రతి గంటలో 15 నుంచి 18వ నిమిషం దాకా, మళ్ళీ 45 నుంచి 48 దాకా, 500 మీద అందరూ పంపడం ఆపి వినాలి. సన్నటి పిలుపేదైనా ఉంటే వినపడాలని. ఆ మూడు నిమిషాలు చెవులు రిక్కించి కూర్చున్న ఆపరేటర్‌ని తీసుకురా. జవాబు కొట్టేసి, వీళ్ళిద్దర్నీ ఒకే పేజీలో పెట్టు.

"మనిషి ఒంటరితనానికి ప్రతీక" అన్న వాక్యం కూడా తీసేయ్. ఉప్పునీళ్ళకు పగిలిన అరచేయి, మారుతున్న చెయ్యి, జారిపోతున్న హ్యాండిల్, ఇవి రాయి. చివర్లో పిల్లవాడు హ్యాండిల్ తిప్పడం ఉండనీ. 1999 ఫిబ్రవరి 1 నాటికి పెద్ద ఓడలు ఉపగ్రహాలను కూడా వాడే కొత్త ఆపద పిలుపుల పద్ధతికి మారిపోయాయి, 500 మీద ఆ కాపలా ఇక తప్పనిసరి కాదు. ఆ సంగతి వాడికి తెలియనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం తేల్చుకుని మొదలుపెట్టు. ఏరియల్ తీగ చుట్ట ఆ పెట్టెలోనే ఉంటుంది. పిల్లవాడు తెరిచేసరికి తీగ చుట్టినట్టే ఉందా, లేక చివర తెగి ఖాళీగా ఉందా?

రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ అన్నయ్య