ఇంగ్లీష్ పదాల ఉచ్చారణను తెలుగులో రాసుకుని నేర్చుకోవచ్చా?

రోజూ కొన్ని ఇంగ్లీష్ పదాలు నోట్‌బుక్‌లో ఎక్కించి, పక్కన తెలుగులో ఉచ్చారణ, ఆ పక్కన అర్థం రాసుకుని బట్టీ పడుతున్నానన్నారు. అయినా మాక్ ఇంటర్వ్యూలో మీ మాట అవతలివాళ్లకు అందడం లేదు, పద్ధతి మార్చాలా అని అడిగారు. మార్చాలండీ. ముందుగా ఆ మధ్య గడి, అంటే తెలుగులో ఉచ్చారణ రాసుకున్న గడి, తీసేయండి.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు గుంటూరు జిల్లాలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెబుతున్నాను. క్లాసులో నాకు ఎక్కువగా కనిపించేది ఇదే: పదం తెలుసు, అర్థం తెలుసు, కానీ ఎక్కడ నొక్కి పలకాలో తెలియదు. తెలుగులో ప్రతి అక్షరానికీ ఇంచుమించు సమానంగా బరువిస్తాం. ఇంగ్లీష్ పదంలో ఒక సిలబుల్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్క, గట్టిగా, కాస్త సాగి వినిపిస్తుంది, మిగతావి తేలిపోతాయి. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు నొక్కేది మొదటి సిలబుల్‌ని. అదే తీసేవాడి గురించి చెప్పేటప్పుడు నొక్కు రెండోదాని మీదికి జరుగుతుంది, ముందున్న ‘ఫో’ కాస్తా ‘ఫ’ అయిపోయి దాదాపు ‘ఫటోగ్రఫర్’ అని వినిపిస్తుంది. ఫోటోగ్రాఫిక్‌లో మూడోదాని మీదికి వెళ్తుంది. తెలుగులో రాస్తే ఈ మూడింటి మొదలూ ఒకేలా ఉంటుంది. మీ నోట్‌బుక్ దాచేస్తున్నది ఈ తేడానే.

ఇది వట్టి యాస సంగతి కాదు, అర్థమే మారిపోతుంది. కంటెంట్ అనే పదాన్ని మొదట నొక్కితే లోపల ఉన్న విషయం, రెండోచోట నొక్కితే తృప్తిగా ఉండటం. ఇన్వాలిడ్ రెండోచోట నొక్కితే చెల్లనిది. అదే స్పెల్లింగ్‌తో మొదట నొక్కితే జబ్బుతో మంచాన పడ్డ మనిషి. నిమిషానికి రాసే స్పెల్లింగే ‘మైన్యూట్’ అని పలికితే అతి సూక్ష్మమైనది అని అర్థం. మీకు అన్నిటికన్నా ముందు పనికొచ్చే జంట ఇంకొకటుంది. ఇంటర్వ్యూకి మీరు తీసుకెళ్లే కాగితం ‘రెజ్యూమే’. ‘రిజ్యూమ్’ అంటే ఆగిన పని మళ్లీ మొదలుపెట్టడం. అందుకే అర్థాన్నీ ఉచ్చారణనూ వేరు వేరు గడుల్లో పెట్టి చదవడం నాకు నచ్చదు.

తెలుగు లిపితో ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లికి ‘క్యాట్’ అని రాసుకుంటాం. అందులో లేని యకారం మన నోట్లోకి వచ్చేస్తుంది. నిజానికి ఆ అచ్చుకు దగ్గరి ధ్వని మనకు ఉంది, అక్షరమే లేదు. ‘మేక’ అనండి, తర్వాత ‘మేకు’ అనండి. మా కోస్తా వైపు ఈ రెండు ‘మే’లూ ఒకటి కావు. మేకలో నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ అచ్చునే పొట్టిగా పలికితే క్యాట్, బ్యాడ్, బ్యాంక్ అన్నీ దారిలో పడతాయి. ఇది చెప్పగానే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. కొత్త ధ్వని నేర్చుకోనక్కర్లేదు, ఇంట్లో ఉన్నదే.

పలకని అక్షరాల గురించి కూడా రాశారు. అప్పు అనే అర్థంలో వచ్చే ‘డెట్’లో బి అక్షరం ఎందుకుందని విసుక్కున్నారు. ఆ పదం ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చింది. లాటిన్ మూలం ‘డెబిటుమ్’ కనిపించాలని తర్వాతి పండితులు బి చేర్చారు. ఇంగ్లీష్‌వాళ్లు దాన్ని పలకలేదు. ‘డౌట్’లో బి కథా అదే. కత్తికి వాడే ‘నైఫ్’ వేరు, అందులో కె ఒకప్పుడు పలికేదే. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చు యంత్రం పెట్టాడు. అచ్చుతో స్పెల్లింగ్ మెల్లగా స్థిరపడింది, నోటి మాట మాత్రం మారుతూ పోయింది. అందుకే స్పెల్లింగ్ చూసి పలకవద్దు, విని పలకండి.

వినడానికి ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్, కేంబ్రిడ్జ్ డిక్షనరీల సైట్లు ఉచితం. ప్రతి పదం దగ్గరా బ్రిటిష్, అమెరికన్ అని రెండు స్పీకర్ గుర్తులు ఉంటాయి. ఉచ్చారణ రాసినచోట పైన చిన్న నిలువు గీత కనిపిస్తుంది, దాని వెంటనే వచ్చే సిలబుల్‌నే నొక్కాలి. ముందు వినండి, బల్ల మీద వేలితో కొడుతూ పలకండి, ఫోన్లో రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినండి. ‘షెడ్యూల్’, ‘స్కెజూల్’ రెండూ ఒప్పే, ఒకటి బ్రిటిష్, ఒకటి అమెరికన్. దాని గురించి టెన్షన్ వద్దు. మన యాస గురించి అసలే వద్దు. దాన్ని దాచి అమెరికావాళ్లలా మాట్లాడమనే శిక్షణలంటే నాకు గిట్టదు.

అర్థాల గడిలో ఒక్క తెలుగు మాట రాసి వదిలేయకుండా, ఆ పదం వాడిన చిన్న వాక్యం రాయండి. మనం క్లాసులో ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే ఒకటి అడగాలని అర్థం. విదేశీ క్లయింటుతో అలా అంటే, చెప్పినదాన్ని మీరు నమ్మడం లేదేమో అనుకుంటారు. అక్కడ ‘క్వశ్చన్’ అనాలి. సాఫ్ట్‌వేర్‌లో చేరిన మా పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే.

కొత్త పదాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీ రెజ్యూమేలో ఉన్నవాటితో మొదలుపెట్టండి. డెవలప్‌మెంట్‌లో రెండో సిలబుల్, మేనేజ్‌మెంట్‌లో మొదటిది, ఇంజినీర్‌లో చివరిది, సర్టిఫికెట్‌లో రెండోది. మిగతావి డిక్షనరీలో విని, నొక్కాల్సిన సిలబుల్ కింద గీత పెట్టుకోండి.