పది పాసైన పిల్లాణ్ణి బెంగళూరు సైటుకు పంపాలా?

గుత్తి నుంచి ఒక బేల్దారి మేస్త్రీ అడిగారు: "మావాడికి 16 ఏళ్లు, పది పాసయ్యాడు, లెక్కలు బాగానే చేస్తాడు. మా బామ్మర్దికి బెంగళూరులో అపార్ట్‌మెంట్ల సబ్ కాంట్రాక్టు ఉంది, అప్రెంటిస్‌గా పెట్టుకుంటా అంటున్నాడు. పంపొచ్చా? ఏం చదివుండాలి?"

అన్నా, మీ బామ్మర్ది చెప్పేది హెల్పర్ పనిలా ఉంది. మీరూ మాలు అందిస్తూ అందిస్తూనే తాపీ పట్టి ఉంటారు, అది తక్కువ పనని నేననను, కానీ రేపు కొత్త ఊళ్లో పని వచ్చని చూపించాలంటే చేతులు తప్ప కాగితం ఉండదు కదా. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద అయితే కంపెనీతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, అది ప్రభుత్వ పోర్టల్లో నమోదు కావాలి, పిల్లాడు మైనరైతే తండ్రిగా మీరే సంతకం పెట్టాలి. ఆ ఒప్పందం నంబరు ఇమ్మని అడిగి చూడండి. నీళ్లు నమిలాడంటే విషయం తేలిపోయినట్టే.

చదువు ట్రేడును బట్టి ఉంటుంది. కొన్నిటికి ఎనిమిది చాలు, ఎలక్ట్రీషియన్‌కు మాత్రం లెక్కలు, సైన్సుతో పది కావాలి. అసలు చిక్కు వయసు దగ్గర. చట్టంలో కనీస వయసు 14 అని ఉన్నా, ప్రమాదకర పరిశ్రమల ట్రేడ్లకు 18 నిండాలి. భవన నిర్మాణ కార్మికుల కార్డు కూడా 18 దాటితేనే ఇస్తారు.

అందుకే ఈ రెండేళ్లూ వాణ్ణి ఐటీఐలో ఎలక్ట్రీషియన్‌కు పంపమంటాను. కోర్సు రెండేళ్లే, బయటికొచ్చేసరికి 18 నిండుతాయి, ఆ తర్వాత ఏడాది అప్రెంటిస్‌షిప్. సీట్లు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు కాబట్టి నోటిఫికేషన్ రాగానే అప్లై చేయించండి, దొరక్కపోతే ప్లంబర్ అయినా సరే. బేల్దారి పని ఇంట్లో మీరున్నారు, నేర్పిస్తారు, దానికోసం బెంగళూరు దాకా ఎందుకు?

డబ్బుల సంగతి కూడా చెప్తా. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవాడికి నెలకు కనీసం 7,000 స్టైపెండ్, పది మాత్రమే అయితే 6,000. హెల్పర్ కూలితో పోలిస్తే తక్కువే, మీ ఇంట్లో ఆ మాట వస్తుందని నాకు తెలుసు. కానీ సైటులో దెబ్బ తగిలితే నష్టపరిహారం కంపెనీ ఇవ్వాలని అదే చట్టంలో ఉంది, నోటిమాట మీద చేరినవాడు ఆసుపత్రి బిల్లు ఎవరికి చూపిస్తాడు? చివర్లో పరీక్ష పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఉద్యోగం మాత్రం గ్యారంటీ కాదు, అది ఇవ్వాలని కంపెనీకి రూలు లేదు.

ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ పది మెమోలో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉండి నెలల తరబడి తిరిగిన పిల్లల్ని చూశాను. బ్యాంకు ఖాతా వాడి పేరు మీదే తెరిచి ఆధార్‌కు లింక్ చేయించండి, స్టైపెండ్‌లో ప్రభుత్వం ఇచ్చే వాటా, నెలకు 1,500 దాకా, నేరుగా అందులోనే పడుతుంది.