డాక్టర్ సలహా: కేఐ-67 60 శాతం అంటే అమ్మకు 40 శాతమే ఆశ ఉందనా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. ఎడమ రొమ్ములో 3 సెంటీమీటర్ల గడ్డకు బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు. రిపోర్ట్‌లో ఈఆర్ నెగెటివ్, పీఆర్ నెగెటివ్, హెర్-2 2+, కేఐ-67 60 శాతం అని ఉంది. ముందు కీమో, తర్వాతే ఆపరేషన్ అంటున్నారు. గడ్డను లోపలే ఉంచి కీమో ఏంటని బంధువులు భయపెడుతున్నారు. కీమో పనిచేస్తుందో లేదో ముందే చెప్పే రక్తపరీక్ష ఏదైనా ఉందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ 60 సంగతి చూద్దాం, మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. అది బతికే అవకాశాల లెక్క కాదమ్మా, ఒంట్లో ఎంత పాకిందన్న లెక్కా కాదు. మైక్రోస్కోప్ కింద వంద క్యాన్సర్ కణాలు లెక్కపెడితే వాటిలో 60 కణాలు రెండుగా చీలే పనిలో ఉన్నాయని. వేగంగా పెరిగే రకమే, అది మంచి వార్తని అనను. కానీ కీమో మందులు ఎక్కువగా దెబ్బకొట్టేది ఇలా చీలుతున్న కణాలనే, అందుకే ఇలాంటి గడ్డలు కీమోకు బాగా కరగడం తరచూ చూస్తుంటాం.

ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు, హెర్-2 అంటే క్యాన్సర్ కణాల పెరుగుదలను ఎగదోసే ప్రోటీన్. నన్ను అడిగితే మీ రిపోర్ట్‌లో ఆగి చూడాల్సింది హెర్-2 పక్కనున్న 2+. 0 లేదా 1+ వస్తే నెగెటివ్, 3+ వస్తే పాజిటివ్, 2+ అంటే ఇంకా తేలలేదని. తేల్చడానికి ఫిష్ అనే టెస్ట్ ఉంది. అమ్మకు మళ్లీ సూది గుచ్చక్కర్లేదు, బయాప్సీ ముక్కను మైనంలో పెట్టి ల్యాబ్‌లో దాచిన బ్లాక్ ఉంటుంది, అగ్గిపెట్టెకన్నా చిన్నది, దాని మీదే చేస్తారు. ఆ రిపోర్ట్ రాకుండా కీమో మొదలుపెట్టొద్దని డాక్టర్‌ను గట్టిగా అడగండి. పాజిటివ్ వస్తే కీమోతో పాటు హెర్-2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు కలుపుతారు, దానికి ముందు గుండెకు ఎకో తీయాలి. నెగెటివ్ వస్తే ఈఆర్, పీఆర్, హెర్-2 మూడూ నెగెటివ్ కాబట్టి ట్రిపుల్ నెగెటివ్ అంటారు, అప్పుడు రొమ్ము క్యాన్సర్ వంశంలో రావడానికి కారణమయ్యే లోపాన్ని చూసే బీఆర్‌సీఏ జీన్ టెస్ట్ తప్పక చేయించండి, దాని ఫలితం మీకూ, మీ తోబుట్టువులకూ అవసరమే.

మీరడిగిన రక్తపరీక్ష మాత్రం లేదు. సీఏ 15-3 అనే రక్తపరీక్ష ఎవరైనా రాసినా, తొలిదశలో అది చాలామందికి నార్మల్‌గానే ఉంటుంది, లివర్ జబ్బు ఉన్నా పెరుగుతుంది. గడ్డలోని జీన్లను చూసి కీమో వల్ల లాభముందా అని చెప్పే, లక్షలు పోసే ఆంకోటైప్ టెస్ట్ కూడా ఈఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్ ఉన్నవాళ్లకే, మీ అమ్మగారికి దానితో పనిలేదు.

ఇక బంధువుల మాట. ముందు కీమో ఇచ్చినా, ముందు ఆపరేషన్ చేసినా ఆయుష్షులో తేడా లేదని రొమ్ము క్యాన్సర్ రోగులపై చేసిన ఎన్‌ఎస్‌ఏబీపీ బి-18 అనే ట్రయల్‌లో ఎప్పుడో తేలింది. పైగా ముందు కీమో ఇస్తే ఏ టెస్టూ చెప్పలేని సంగతి కళ్లముందే తెలుస్తుంది: మందుకు గడ్డ లొంగుతోందా లేదా అన్నది. ఆపరేషన్‌లో తీసిన భాగంలోనూ, చంక గ్రంథుల్లోనూ క్యాన్సర్ కణాలు అసలు మిగలకపోతే, ముఖ్యంగా ఈ రకాల్లో, జబ్బు తిరగబెట్టే ముప్పు బాగా తగ్గుతుంది. మిగిలాయనుకోండి, చేతులెత్తేయడం కాదు, మందు మారుస్తాం. జపాన్, కొరియాల్లో చేసిన క్రియేట్-ఎక్స్ ట్రయల్‌లో హెర్-2 నెగెటివ్ ఉండి అలా మిగిలినవాళ్లకు కేపసిటబిన్ అనే కీమో మాత్రలు ఇస్తే మేలు జరిగిందని 2017లో ప్రచురించారు, ట్రిపుల్ నెగెటివ్ వాళ్లకు ఇంకా ఎక్కువ.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. కీమోకు గడ్డ పూర్తిగా కరిగిపోతే సర్జన్‌కు అది ఉన్న చోటే దొరకదు, అందుకే ముందే అందులో నువ్వుగింజంత మెటల్ క్లిప్ పెడతారు. మొదటి కీమోకు వెళ్లేలోపు క్లిప్ పెట్టారా అని అడగండి.