హార్డ్‌విక్ కిటికీల గురించి ఒక ఉత్తరం

చిరంజీవికి ఆశీస్సులు.

కథ అందింది. వాక్యం బాగా నడిపావు. కానీ మూడో పేజీలో పనిపిల్ల ‘నిలువెత్తు గాజు పలక’కు నుదురు ఆనించి వాన చూస్తుందన్నావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. నీ కథ జరిగే ఇంగ్లండ్ భవంతి, 1601 నాటి హార్డ్‌విక్ హాల్లో నిలువెత్తు కిటికీలున్నాయి గానీ నిలువెత్తు పలక ఒక్కటీ లేదు. చిన్న చిన్న పలకల్ని సీసపు పట్టీల్లో బిగించి, ఆ అల్లికను అడ్డంగా పెట్టిన ఇనుప కమ్మీలకు కట్టేవారు. సీసం మెత్తటిది. ఏళ్ల తరబడి గాలి తోపుకు ఉబ్బుతుంది, పలక అంచున సందు పడుతుంది, అందులోంచి వాననీరు కారుతుంది. కమ్మీకి తుప్పు పడితే అది ఉబ్బి, తనను పట్టుకున్న రాయినే చీలుస్తుంది.

ఇల్లు ఎలా పనిచేస్తుందో తెలియకుండా అందులో మనుషుల్ని తిప్పకు. కొలతలూ వివరాలూ పాఠకుడికి విసుగంటూ కత్తిరించే సంపాదకులు నీకూ తగులుతారు. ‘గంభీరమైన భవనం’ లాంటి అరిగిపోయిన మాటల మీద మాత్రం వాళ్ల కలం పడదు. వాళ్ల మాట వినకు.

ష్రూస్‌బరీ ప్రభువు భార్య (కౌంటెస్) బెస్, 1590లో భర్త పోయాక, డెర్బీషైర్ గుట్ట మీద ఈ ఇల్లు మొదలుపెట్టి 1597లో కాపురానికి వచ్చింది. నక్షా రాబర్ట్ స్మిత్‌సన్‌దని చరిత్రకారుల అభిప్రాయం. కింది అంతస్తు పనివాళ్లది, పొట్టిది. నడిమిది ఆవిడ కాపురం. అన్నిటికన్నా ఎత్తైన గదులు పై అంతస్తులో, గొప్ప అతిథుల కోసం. అందుకే పైకి వెళ్లేకొద్దీ కిటికీల ఎత్తు పెరుగుతుంది. నువ్వేమో రాణిగారి విందు కింది అంతస్తులో పెట్టావు! వంటిల్లు కిందే, విందు పైన. ప్రతి పళ్లెమూ ఆ పొడవాటి రాతిమెట్లన్నీ ఎక్కాలి. నీ పనిపిల్ల కాళ్ల నొప్పి అక్కడుంది, దాని గురించి రాయి.

బయటి గోడలు గాజుకు వదిలేయాలి కనుక పొగగొట్టాలను ఎక్కువగా ఇంటి నడుమ సాగే మందపాటి గోడలోకి తోశారు. కొన్ని కిటికీలు ఉత్త వేషమే, గాజు వెనక గోడే ఉంటుంది. ఇంత గాజు పెడితే చలి ఊరుకుంటుందా? 1601లో ఇంటి సామాన్ల జాబితా రాయించారు. అందులో బెస్ పడకగది దగ్గర చూడు: ఒక కిటికీకి అడ్డంగా వేలాడదీయడానికి మూడు దుప్పట్లు. ఇంగ్లండ్‌లోని గొప్ప సంపన్నురాళ్లలో ఒకరి గది అది! నీ పది పేజీల వర్ణన కన్నా ఆ ఒక్క పద్దు ఎక్కువ చెబుతుంది.

గోడలకు వేలాడే బొమ్మల నేతగుడ్డల్లో, అంటే టాపెస్ట్రీల్లో, ‘నీలి అడవి’ అని రాశావు. ఇవాళ్టి ఫోటో చూసి రాసినట్టుంది. ఆకుపచ్చ కావాలంటే నీలం రంగు మీద పసుపు రంగు అద్దేవారు. వెలుగుకు ముందుగా వెలిసేది పసుపే, అందుకే ఆకులు నీలంగా మిగులుతాయి. నీ కథ కాలానికి ఆ అడవి ఇంకా పచ్చగానే ఉండాలి. అది దిద్ది, విందును పై అంతస్తుకు చేర్చి మళ్లీ పంపు.