హాస్టల్ ప్లాను గీస్తున్న శ్రావణికి పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా శ్రావణీ,

కాజీపేట రోడ్డులో చదువుకునేవాళ్లు, ఉద్యోగాలవాళ్లు కలిపి నూట ఇరవై మంది అద్దెకు ఉండే కో-లివింగ్ భవనానికి నువ్వు ప్లాను గీస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెబుతున్నంతసేపూ దాని గొంతులో సంతోషం ఆగలేదు. నాకూ గర్వంగానే ఉంది. మన ఇంటి పిల్ల గీసిన గీతల మీద నాలుగంతస్తులు లేవబోతున్నాయి! అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగమంతా ఆడపిల్లల హాస్టళ్లలో వార్డెన్‌గానే గడిచింది. కట్టినవాళ్లు తాళాలు ఇచ్చి వెళ్లిపోయాక లోపల ఏమి జరుగుతుందో చూసినదాన్ని. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. మెట్లు రెండు వైపులా ఉండాలి. డాబా తలుపుకు రాత్రిపూట తాళం వేసే పద్ధతి ఎవరు చెప్పినా ఒప్పుకోకు. మనలాంటి పొడి వేడి ఊళ్లలో గది వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీలు ఉండాలని మీ పుస్తకాల్లోనే ఉంది. ఆ కిటికీలు పడమటి ఎండకు ఎదురుగా పెట్టకు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నూట ఇరవై మందికి 16,200 లీటర్లు కావాలి. సంపు మాత్రం రెండు రోజులకు సరిపడా కట్టించు, నల్లా రాని రోజు తప్పకుండా వస్తుంది. ప్రతి గదిలో కెటిల్, ఇస్త్రీపెట్టె ఉంటాయనుకొనే వైరింగు వేయించు. వద్దని బోర్డు పెట్టినంత మాత్రాన అవి లేకుండా పోవు.

బట్టలారేసుకునే చోటు మీ మగ ఇంజనీర్లకు గుర్తుండదు. ఆడపిల్లలు లోదుస్తులు మంచం కింద, తలుపు వెనక ఆరేసుకుని చర్మవ్యాధులు తెచ్చుకోవడం నేను చూశాను. ఎండ తగలాలి, వీధిలోకి కనిపించకూడదు. డాబా మీద జాలీ గోడ కట్టిస్తే చాలు.

ఇక నీళ్ల సంగతి. మన హన్మకొండ కాకతీయుల చెరువుల ఊరు. ఒక చెరువు నిండితే మిగులు నీరు కాలువల వెంట కింది చెరువుకు పోయేలా వాళ్లు కట్టారు. ఆ కాలువల మీద మనం ఇళ్లు కట్టాం. 2020 ఆగస్టులోనూ, మళ్లీ 2023 జూలైలోనూ నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు రావడం అందరం చూశాం. నీ స్థలం దగ్గర పాతకాపులను అడుగు, నీళ్లు గోడ మీద ఎంతవరకు వచ్చాయో చేతితో చూపిస్తారు. నేల మట్టం దానికి పైన ఉండాలి. సెల్లార్‌లో మీటర్లు, జనరేటరు పెట్టించకు. పడకలైతే అసలే వద్దు, యజమాని ఎంత అడిగినా సరే.

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని మాటకు వస్తాను.

మన హన్మకొండకు పిల్లలు చదువుకు రావడం కొత్త కాదు. 1959లో ఇంజనీరింగ్ కళాశాల, మెడికల్ కళాశాల వచ్చాయి. 1976లో విశ్వవిద్యాలయం వచ్చింది. అప్పట్లో చాలామంది ఎవరో ఒకరి ఇంట్లో గది అద్దెకు తీసుకునేవారు. ఊరి నుంచి బియ్యం మూట, పచ్చడి సీసా తెచ్చుకుని కిరోసిన్ స్టవ్ మీద వండుకునేవారు. సౌకర్యం లేదు. కానీ వాకిలి దాటే ప్రతిసారీ ఇంటావిడ కంట పడాల్సిందే. "ఏం బిడ్డా, ముఖం అలా ఉందేమిటి?" అని ఆమె అడిగేది.

నేను పనిచేసిన ఒక ప్రైవేటు హాస్టల్లో కింది అంతస్తు భోజనశాల మెట్ల పక్కనే ఉండేది. గదికి పోవాలన్నా, బయటికి పోవాలన్నా దాని ముందు నుంచే దారి. వడ్డించేటప్పుడు నేను అక్కడే నిలబడేదాన్ని. ఎవరు అన్నం వదిలేశారో, ఎవరి కళ్లు ఉబ్బి ఉన్నాయో రోజుకు రెండుసార్లు తెలిసేది. కొన్నాళ్లకు యజమాని రోడ్డు వైపు దుకాణాలకు మంచి అద్దె వస్తుందని భోజనశాలను మూడు ముక్కలు చేసి అద్దెకిచ్చాడు. వద్దని చెప్పాను, వినలేదు. అన్నం డబ్బాల్లో పైకి పోవడం మొదలైంది. మొదట్లో పిల్లలకూ నచ్చింది, చదువుకుంటూ మంచం మీదే తినవచ్చని.

ఆ ఏడు దసరాకు అందరూ ఇళ్లకు వెళ్లారు. ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పరీక్ష ఉందని ఉండిపోయింది. గదిలో తోడున్న పిల్ల ఊరెళ్లింది. ఈ అమ్మాయికి జ్వరం వచ్చింది. తలుపు ముందు పెట్టిన డబ్బా అలాగే ఉంటే, ఆకలి లేదేమో, నిద్రపోతోందేమో అనుకుని ఆయా తిరిగి తీసుకెళ్లింది. మరుసటి పూటా అంతే. మూడో రోజు నేను సెలవు నుంచి వచ్చి తలుపు కొడితే లేచి గడియ తీయడానికి కూడా దానికి ఓపిక లేదు. ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లాం. డెంగీ. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. డాక్టర్లు బతికించారు.

వాళ్ల నాన్న తెల్లవారేసరికి వచ్చాడు. కోప్పడలేదు. "ఇంతమంది ఉండే ఇంట్లో నా బిడ్డను ఎవరూ చూడలేదా అమ్మా?" అన్నాడు. ఆయాను తిట్టాలా? ఆమె చెప్పిన పని చేసింది. పిల్లలను రోజూ మనుషుల కళ్ల ముందుకు తెచ్చిన గది ఒక్కటే పోయింది.

అందుకే అడుగుతున్నాను. ప్రతి గదికీ స్నానాలగది, ప్రతి గదిలో చిన్న వంటగట్టు, సెల్లార్ నుంచి నేరుగా పైకి లిఫ్టు అని మీ అమ్మ చెప్పింది. అలాగైతే ఒక పిల్ల వారం రోజులు ఎవరినీ కలవకుండా బతకగలదు. అది సౌకర్యం అనుకుంటున్నావా? నువ్వు హైదరాబాద్‌లో చేరిన మొదటి వారం నాకు ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు పట్టుకుని ఉన్నావు. చివరికి "ఏమీ లేదు పెద్దమ్మా, ఊరికే" అన్నావు. ఆ రోజు నీ పక్క గదిలో ఎవరున్నారో నీకు తెలియదు తల్లీ.

స్నానాలగదులు ఉండనీ, కాలం మారింది. కానీ లిఫ్టు, మెట్లు రెండూ భోజనశాల ముందే దిగాలి. వార్డెన్ గది మూలకు నెట్టకు, మెట్లు కనిపించే చోట పెట్టు. అంతస్తుకు ఒక వరండా, అందులో కూర్చోవడానికి గట్టు. మధ్యలో ఖాళీ ఎంత వదలాలంటే, నడుమ బతుకమ్మను పెట్టి ఇరవై మంది చుట్టూ తిరగగలగాలి. మడికొండ ఐటీ కార్యాలయాల్లో రాత్రి పనిచేసే పిల్లలను చదువుకునేవాళ్ల అంతస్తులో కలపకు, పగలు నిద్రపోయేవాళ్లకు చప్పుడు నరకం.

భోజనశాల బదులు ఇంకో ఎనిమిది పడకలు వస్తాయని మీ యజమాని లెక్క చెబుతాడు. వాటి అద్దె ఎంతో నువ్వే లెక్క కట్టి కాగితం మీద పెట్టు, అప్పుడే చర్చ జరుగుతుంది. అయినా వినకపోతే నన్ను తీసుకెళ్లు, నేను మాట్లాడతాను. ప్లాను పెద్ద కాగితం మీద అచ్చు వేయించి పంపు. ఫోనులో నాకు అక్షరాలు కనిపించడం లేదు.

మీ పెద్దమ్మ