ఆవు అండంతో చీతా పిల్లను పుట్టించలేమా? - సమాధానం

ఆవు అండాలు కబేళాల్లో సులువుగా దొరుకుతాయి కాబట్టి, వాటిలో చీతా చర్మకణం కేంద్రకం (జన్యువులుండే భాగం) పెడితే సరిపోదా అని మీ ప్రాజెక్టు కోసం అడిగారు కదండీ. సరిపోదు. మొదట్లో పిండం బాగానే విభజన చెందుతుంది, అది చూసి మోసపోవద్దు. అప్పటి పనంతా ఆవు అండంలో ముందే నిల్వ ఉన్న ప్రోటీన్లది, ఆర్‌ఎన్‌ఏది. ఆవు పిండంలోనైతే 8-16 కణాల దశకు వచ్చేసరికి కేంద్రకం తన జన్యువులను ఆన్ చేయాలి. దూరపు జాతి కేంద్రకాలు ఎక్కువగా అక్కడే ఆగిపోతాయి. ఇంకో చిక్కు మైటోకాండ్రియా, అంటే అండంతోపాటు వచ్చే, కణానికి శక్తినిచ్చే భాగం. దాని ప్రోటీన్లలో 13 దాని సొంత డీఎన్‌ఏ నుంచి వస్తాయి, మిగతావన్నీ కేంద్రకం నుంచి. ఆవువీ చీతావీ సరిగ్గా అతకవు.

దగ్గరి జాతి అయితే ఆశ ఉంది. 2001లో అమెరికాలో ఆవు అండంతో అడవిదున్న దూడ 'నోవా' పుట్టింది, పాపం రెండు రోజుల్లోపే విరేచనాలతో చనిపోయింది. 2020లో పెంపుడు ఫెర్రెట్ (ముంగిసలా కనిపించే చిన్న జంతువు) అండంతో పుట్టిన నల్లపాదాల ఫెర్రెట్ 'ఎలిజబెత్ ఆన్' మాత్రం పెరిగి పెద్దదైంది. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు ఆసియా చీతాను ఇలాగే క్లోన్ చేద్దామనుకున్నప్పుడు కూడా అండం కోసం చూపు చిరుతపులి వైపే. కాకపోతే ఇరాన్ చీతాలను ఇవ్వలేదు.

మీ ప్రాజెక్టుకు పెంపుడు పిల్లి, ఆఫ్రికా అడవిపిల్లి జత తీసుకోండి. అది ఇప్పటికే సాధ్యమైంది.